మేడ మీద స్వతంత్ర ద్వీపం

హరనాథబాబు స్వతంత్రం ప్రకటించింది ఒక ఆదివారం మధ్యాహ్నం, కంచంలో కొర్రన్నం ఎదురుగా పెట్టుకుని. ప్రపంచంలో చాలామంది తుపాకులు పేల్చి స్వతంత్రం తెచ్చుకున్నారు. ఆయన దగ్గర పేల్చడానికేమీ లేదు. అందుకని కంచాన్ని ఓ జానెడు ముందుకి తోశాడు.

"నేను వేరుపడుతున్నా," అన్నాడు.

వంటింట్లోంచి ఆయన భార్య రాజ్యం తల కూడా బయటికి పెట్టలేదు. "చారు పోసుకుని పడండి. చల్లారిపోతోంది," అంది.

ఆయన బాధకి కారణం లేకపోలేదు. హరనాథబాబు తాతగారు నిజాంసాగర్ కాలువ నీళ్ళని నమ్ముకుని కోస్తా నుంచి వచ్చి, బీర్కూర్ దగ్గర పొలం కొని వరి వేశాడు. తండ్రీ వరే వేశాడు. ఈయనా వరే వేశాడు. మూడు తరాలుగా ఆ పొలంలో వరి తప్ప ఇంకేం మొలిచినా కలుపని పీకేశారు. అలాంటి మనిషికి కిందటి దసరా ముందు షుగరుందని తేలింది. బాన్సువాడ దవాఖానలో డాక్టరు అన్నం తగ్గించమన్నాడు. రాజ్యం ఏ పనీ సగంలో వదిలే మనిషి కాదు. తగ్గించడమెందుకని ఎత్తేసింది.

అప్పట్నుంచి పొద్దున జొన్నరొట్టె, మధ్యాహ్నం కొర్రలు, రాత్రికి మళ్ళీ జొన్నరొట్టె. బాన్సువాడలో వాళ్ళ వీధి చివర రైసుమిల్లు పగలంతా బియ్యం ఆడుతూనే ఉంటుంది. దసరా తర్వాత కోతకొచ్చిన సన్నాలు ఇంటి తిండికని ఆడించి మేడగదిలో బస్తాలు వరసగా నిలబెట్టారు. కింద వాటి యజమాని కొర్రలు నములుతున్నాడు. వరి రైతు కొర్రలు తినడమంటే కల్లు గీసేవాడు మజ్జిగ తాగి పడుకోవడమేనని హరనాథబాబు కనపడ్డవాడికల్లా చెప్పుకున్నాడు.

ఇదంతా మామూలు సణుగుడుగానే ఉండిపోయేది, కూతురు హరిచందన వేసవి సెలవులకి రాకపోతే. ఆ పిల్ల హైదరాబాదులో హాస్టల్లో ఉండి ఎం.ఏ. జాగ్రఫీ చదువుతోంది. సెలవులయ్యాక సెమినార్లో మాట్లాడాలి. విషయం, దూరదూరంగా పడి ఉన్న ఉష్ణమండల దీవులు, వాటి భౌగోళికం, ఆర్థికం, పాలన. ఎదురుగా ఎవరో ఒకరు కూర్చుంటేనే తనకి మాట వస్తుందని రోజూ సాయంత్రం తండ్రిని సోఫాలో కూలేసేది. రాజ్యం పక్కన కూర్చుని చింతపండులో గింజలు తీస్తూ, విన్నట్టూ విననట్టూ ఉండేది.

మొదటిరోజు హరనాథబాబు నిద్రపోయాడు. రెండోరోజు ఒక చెవి మేలుకుంది.

"లక్షద్వీప్ అంతా పగడపు దీవులే నాన్నా. కొబ్బరీ, ట్యూనా చేపలూ వాళ్ళకి ఆధారం. శాసనసభ లేదు. కేంద్రం ఒక పరిపాలకుణ్ణి వేస్తుంది."

"ఆయన మాటే మాటా?"

"దాదాపు అంతే."

"మనింట్లో లాగా," అన్నాడు హరనాథబాబు. చింతపండు గింజ ఒకటి గిన్నెలో కాస్త గట్టిగా పడింది.

"కోకోస్ దీవులు ఆస్ట్రేలియావి. ఇరవయ్యేడు దీవులుంటే మనుషులుండేది రెండింట్లోనే. వందేళ్ళ పైచిలుకు ఒకే కుటుంబం ఏలింది. తోటలు వాళ్ళవే, దుకాణం వాళ్ళదే. కూలీలకి వాళ్ళ సొంత బిళ్ళలే ఇచ్చేవాళ్ళు. ఆ బిళ్ళలు వాళ్ళ దుకాణంలోనే చెల్లేవి. చివరికి జనమంతా ఓటేసి ఆస్ట్రేలియాలో కలిసిపోయారు."

"బిళ్ళల పద్ధతి బాగుంది," అంది రాజ్యం.

"పక్కనే క్రిస్మస్ ఐలండ్. అదీ ఆస్ట్రేలియాదే. అక్కడ ఫాస్ఫేట్ గనులున్నాయి."

"మనం పొలానికి చల్లే ఫాస్ఫేటేనా?" హరనాథబాబు కళ్ళు తెరిచాడు. ఆ దీవి మీద ఆయనకి గౌరవం కలిగింది.

"అదే. ఇంక టోకెలావు. న్యూజీలాండ్ కింద ఉంటుంది. మూడు దీవులు. రాజధాని లేదు. విమానం దిగదు. ఓడెక్కితే ఒక పగలూ రాత్రీ దాటాక గానీ కనపడదు. నదుల్లేవు. వాననీళ్ళు ట్యాంకుల్లో పట్టుకుని తాగుతారు. పెద్ద పదవి ఏడాదికో దీవికి వంతులవారీగా తిరుగుతుంది."

"వంతా? మన కాలువ వంతులాగా?" హరనాథబాబు లేచి కూర్చున్నాడు. నిజాంసాగర్ కాలువకీ పసిఫిక్ సముద్రానికీ ఇంత దగ్గర చుట్టరికం ఉందని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

"ఇదేమో నియూ. ఒక్కటే దీవి. ఇదీ న్యూజీలాండ్ పక్షమే కానీ పాలన దానిదే. రక్షణా, విదేశీ వ్యవహారాలూ మాత్రం న్యూజీలాండ్ చూసిపెడుతుంది. దీన్ని స్వేచ్ఛా సహవాసం అంటారు."

"మరి ఏం తినాలో ఎవరు చెప్తారు?"

"ఏం తినాలో చెప్పడమేంటి నాన్నా? వాళ్ళిష్టం."

ఆ మాట హరనాథబాబు మనసులో పాతుకుపోయింది. రక్షణ ఒకళ్ళది, తిండి తనిష్టం. కాపురమంటే అలా ఉండాలి. అలా రెండు రోజులు ఆలోచించి, ఆదివారం మధ్యాహ్నం కంచం ముందుకి తోశాడు.

చారు పోసుకోమన్నా ఆయన కదలకపోయేసరికి రాజ్యం గరిటెతో బయటికి వచ్చింది. "ఎక్కడికి పడతారు వేరు?"

"మేడగదికి. నియూ పద్ధతి. కింద నీ పాలన, పైన నా పాలన. గొడవల్లేవు."

"బట్టలెవరుతుకుతారు?"

"అది రక్షణ శాఖ కింద రాదూ?"

"రాదు."

"సరే, నేనే ఉతుక్కుంటా. కూరలు మాత్రం దిగుమతి చేసుకుంటా."

"దేనికి బదులు?"

హరనాథబాబు ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాడు. "బియ్యం మొత్తం మేడగదిలోనే ఉన్నాయి రాజ్యం. నీళ్ళ ట్యాంకు కూడా నా నెత్తి మీదే ఉంది. అది కాస్త గుర్తుపెట్టుకో."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన మీసం దానంతటదే కదిలింది. దాని వెనక పెద్ద చరిత్ర ఉంది. హరనాథబాబు పొలం పిల్లకాలువకి చిట్టచివర. పైన ఉన్నది పండరి పొలం. తన మళ్ళన్నీ నిండి గట్లు తడిస్తే గానీ పండరి కిందికి చుక్క వదలడు. అందుకే అతనికి తూము పండరి అనీ, ఈయనకి చివరాయకట్టు బాబు అనీ ఊళ్ళో పేర్లు పడ్డాయి. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ పైవాడి దయ మీద బతికిన మనిషికి, తనే పైవాడయ్యే రోజు ఇన్నాళ్ళకి వచ్చింది.

"మరి నియూ అంత సుఖంగా ఉంటే, అక్కడ ఉన్నవాళ్ళకంటే న్యూజీలాండ్ పోయినవాళ్ళే ఎక్కువని చందన మొన్న చదివిందేం?" అంది రాజ్యం.

"వాళ్ళకి వరి పండదు. అందుకని పోయుంటారు."

"సరే, మీ ఇష్టం," అంది రాజ్యం.

మొగుడు వేరుపడతానంటే ఏ ఇల్లాలైనా ఏడవాలి. కనీసం తిట్టాలి. రాజ్యం గరిటె తుడుచుకుంటూ, "బస్తాల వెనక ఎలుకలు చేరాయి. ఎలాగూ అక్కడే ఉంటారుగా, చూసుకోండి," అంది. స్వతంత్రం ఇంత తేలిగ్గా వచ్చినందుకు హరనాథబాబుకి కొంచెం చిన్నతనంగా కూడా అనిపించింది.

సాయంత్రానికల్లా రైస్ కుక్కరు, మడతమంచం, కూలరు, రెండు లుంగీలు మేడ ఎక్కాయి. మధ్యలో దుకాణానికెళ్ళి ఓ పెరుగు ప్యాకెట్టు కొనుక్కొచ్చాడు. కుక్కరు మూత తియ్యగానే సన్నబియ్యం ఆవిరి మొహానికి కొట్టింది. హరనాథబాబుకి నిజంగానే కళ్ళు చెమర్చాయి. వేడివేడి అన్నంలో పెరుగు కలుపుకుని, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ, కంచం ఖాళీ అయ్యేదాకా ఎవరి అనుమతీ లేకుండా తిన్నాడు. తన జన్మలో అంత మంచి భోజనం ఇంకోటి చెయ్యలేదని అనుకున్నాడు.

సోమవారం కూడా పెరుగన్నమే. బాగానే ఉంది. మంగళవారం కూడా పెరుగన్నమే. అన్నానికి పక్కన ఎవరూ లేకపోతే ఎంత బోసిగా ఉంటుందో ఆరోజు తెలిసింది. ఆవకాయ జాడీ కింది దేశంలో ఉండిపోయింది. పైగా మే నెల. బాన్సువాడ ఎండకి శ్లాబు పెనంలా కాలుతోంది. పుస్తకాల్లో ఉష్ణమండలమని రాస్తారు గానీ, దాని కింద పడుకుంటే గానీ అర్థం కాదు. సరిగ్గా అదే మధ్యాహ్నం కిందనుంచి గుత్తివంకాయ కూర వాసన మెట్లెక్కి వచ్చింది.

హరనాథబాబు పిట్టగోడ మీంచి వంగాడు. "రాజ్యం! వాణిజ్య ఒప్పందం. ఓ గిన్నె బియ్యానికి ఓ గిన్నె గుత్తివంకాయ."

"మాకు బియ్యం అక్కర్లేదండీ."

"రెండు గిన్నెలిస్తా."

"అసలు అక్కర్లేదంటుంటే!"

పంతం. కింద డబ్బాలో ఉన్న బియ్యం ఎన్నాళ్ళొస్తాయి? హరనాథబాబుకి ఒళ్ళు మండింది. "అయితే ఈ క్షణం నుంచి బియ్యం ఎగుమతి బంద్! నీళ్ళు కూడా బంద్!" అని అరిచి, ట్యాంకు నుంచి కిందికి పోయే పైపు గేటు వాల్వు బిర్రుగా తిప్పేశాడు. తర్వాత భుజాన తువ్వాలు వేసుకుని, దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తూము దగ్గర పండరి అలాగే కూర్చుంటాడు. ఆ కూర్చోవడంలో ఎంత సుఖముందో ఆయనకి ఇన్నేళ్ళకి తెలిసొచ్చింది.

కింద వాళ్ళు గిన్నెలు తోముకున్నారు. మొక్కలకి నీళ్ళు పోశారు. చందన స్కూటీ కడిగింది. పట్టిపెట్టుకున్న నీళ్ళు అవగొట్టుకుంటున్నారు, పాపం, రేపు ఏడుస్తారని హరనాథబాబు జాలిపడ్డాడు. పడి, ఎండ తట్టుకోలేక రెండుసార్లు స్నానం చేశాడు. శ్లాబు చల్లబడాలని పైపు పెట్టి డాబా అంతా తడిపాడు. పైవాడికి పొదుపేంటి?

బుధవారం పొద్దున పళ్ళకి పేస్టు రాసుకుని కొళాయి తిప్పాడు. కొళాయి ఓ దగ్గు దగ్గి ఊరుకుంది.

కాలువ కింద వ్యవసాయం చేసినవాడికి నీళ్ళంటే పైనుంచి కిందికి వచ్చేవే. ఇంట్లో నీళ్ళు పైనుంచి కిందికి రావాలంటే ముందు కిందినుంచి పైకి ఎక్కాలి. ఆ ఎక్కించే బోరు మోటారు స్విచ్చు వంటింటి గుమ్మం పక్కన ఉంది. కింద పెరట్లోకి బోరు నీళ్ళు నేరుగా వస్తాయి, పొద్దునా సాయంత్రం నల్లా కూడా వస్తుంది. ఇవన్నీ ఆయనే దగ్గరుండి పెట్టించాడు. పెట్టించినవాడికే ఆ పూట దాకా తట్టలేదు.

నోటినిండా నురగతో మళ్ళీ పిట్టగోడ మీంచి వంగాడు. "రాజ్యం, మోటారెయ్యి!"

"ట్యాంకు మీదేగా?"

"మోటారు మీదేగా!"

"మాది కాబట్టే వెయ్యట్లేదు," అంది రాజ్యం.

చందన పెరట్లోంచి తలెత్తింది. "నాన్నా, రెండువేల పదకొండులో టోకెలావులో కూడా సేమ్ ఇంతే అయింది. వానల్లేక ట్యాంకులెండిపోయి ఎమర్జెన్సీ పెట్టిండ్రు. బయటినుంచి ఓడల నీళ్ళు పంపితే బతికిండ్రు."

"అయితే పంపవే ఓడ!"

ఓడ రాలేదు. రెండు ప్లాస్టిక్ బకెట్లు నల్లా దగ్గర పెట్టి ఉన్నాయి. మోసుకుపోవాల్సింది ఆయనే. మొదటి విడత మెట్లెక్కుతుండగా, గేటు తీసుకుని తూము పండరి వచ్చాడు.

"ఏందన్నా గిది? వదినెతోని వేరువడ్డవంట గదా. బీర్కూర్ బస్సుల అందరు గిదే ముచ్చట వెడుతుండ్రు."

"వేరుపడటం కాదు పండరీ. స్వేచ్ఛా సహవాసం."

"గదేంది? కోర్టుల ఇస్తరా?"

హరనాథబాబు బకెట్లు దింపి, అక్కడే మెట్టు మీద కూర్చుని, నియూ సంగతంతా చెప్పాడు. పండరి శ్రద్ధగా విన్నాడు. బీడీ కూడా వెలిగించలేదు.

"మంచిగనే ఉన్నదన్నా. మరి నీల్లు ఏడికెల్లి వస్తున్నయి?"

"కిందనుంచి."

"కరెంటు?"

"మీటరు కిందే."

"కూర?"

హరనాథబాబు బకెట్లు అందుకోబోయాడు.

"సూడన్నా, కాలువ మీద తూము నా చేతులనే ఉంటది. కని డ్యాము నా చేతుల లేదు గదా. గా సంగతి నాకెర్కే. అందుకే డ్యామోల్లతోని నేనెన్నడు లొల్లి వెట్టుకోలే," అని పండరి ఒక బకెట్టు అందుకుని పైదాకా తెచ్చిపెట్టాడు. ముప్పయ్యేళ్ళలో పండరి తనకి నీళ్ళివ్వడం అదే మొదటిసారని హరనాథబాబుకి తర్వాత తోచింది.

బీర్కూర్ బస్సులో ముచ్చట అంతటితో ఆగలేదు. అదే బస్సులో మధ్యాహ్నానికి రాజ్యం అక్కగారు సుబ్బరత్నమ్మ దిగింది. చుట్టాల్లో ఆవిణ్ణి సలహాల సుబ్బరత్నమ్మ అంటారు. గేటు దగ్గరే కొంగు కళ్ళకద్దుకుని, "నీ కాపురం ఇలా అయిందేమిటే చెల్లీ!" అంటూ లోపలికి వచ్చింది. చెల్లెలు టీవీ చూస్తూ మామిడికాయ ముక్కలు తింటోంది. సుబ్బరత్నమ్మకి కొంచెం ఆశాభంగమైంది.

"సమయానికి వచ్చావక్కా," అంది రాజ్యం. "చందూ, ఆ దీవులకి పెద్దని ఎవరు వేస్తారన్నావు?"

"లక్షద్వీప్‌కైతే కేంద్రమే. టోకెలావు పరిపాలకుణ్ణి న్యూజీలాండ్ వేస్తుంది. ఆయన దీవిలో ఉండడు కూడా, వెల్లింగ్టన్‌లో ఉంటాడు."

"మనం అంత అన్యాయం చెయ్యం. మన పరిపాలకురాలు దీవిలోనే ఉంటుంది. అక్కా, నీ పెట్టె మేడ మీద పెట్టించనా?"

హరనాథబాబు మెట్ల మీంచే అరిచాడు. "ఆగు! నాది నియూ! నియూకి అలా పైనుంచి ఎవర్నీ వెయ్యరు. చెప్పవే చందూ!"

"కరెక్టే అమ్మా. నియూ వాళ్ళు వాళ్ళ నాయకుణ్ణి వాళ్ళే ఎన్నుకుంటారు."

"ఈయనది నియూ అని ఎవరొప్పుకున్నారు?" అంది రాజ్యం. "పొద్దున నీళ్ళిచ్చి బతికించింది మనం. ఈయనది టోకెలావు."

వాదనకి తావు లేకుండా పోయింది. సుబ్బరత్నమ్మ పెట్టెతో సహా మేడగదిలో దిగింది. కూలరు ఆవిడ మంచం వైపు తిరిగింది. ఆడమనిషి ఉన్న గదిలో ఉండటం మర్యాద కాదు కాబట్టి హరనాథబాబు మంచం డాబా మీదికి, టార్పాలిన్ నీడలోకి వలసపోయింది. పరిపాలకురాలి కోసం కింద మోటారు వెంటనే వేశారు. ఆ నీళ్ళతో ఈయన కూడా మొహం కడుక్కున్నాడు.

అసలు దెబ్బ మర్నాడు మధ్యాహ్నం పడింది. సుబ్బరత్నమ్మ కుక్కరులో సన్నబియ్యం వండుకుంది. కిందనుంచి గుత్తివంకాయ, ఆవకాయ, నెయ్యి మెట్లెక్కి వచ్చాయి. వాటితోపాటు మూతపెట్టిన ఇంకో గిన్నె వచ్చింది. మూత తీస్తే కొర్రలు.

"వదినగారూ, ఇది నా రాజ్యం. అది నా కుక్కరు. ఆ బియ్యం నా పంట."

"నిజమే మరిదిగారూ. కాదని నేనంటానా?" సుబ్బరత్నమ్మ అన్నంలో నెయ్యి వేసుకుని ముద్ద కలిపింది. "కానీ కేంద్రం ఉత్తర్వు అలా ఉంది. నేను చిన్న ఉద్యోగిని. అయినా మీరు కొర్రల్ని తిట్టుకుంటూ తింటారు, అది పంటికి మంచిది కాదు. బాగా నమలాలి. మా ఆడపడుచు మామగారు అలాగే మింగి..."

ఆ మామగారి కథ సాయంత్రం దాకా సాగింది.

స్వతంత్రం తెచ్చుకున్నదే అన్నం కోసం. ఇప్పుడు స్వతంత్రం ఉంది, అన్నం ఎదురుగా ఉంది, తినేది మాత్రం వదినగారు. హరనాథబాబు టార్పాలిన్ కింద పడుకుని ఆలోచించాడు. కిందికి పోవాలి. కానీ ఓడిపోయి పోకూడదు. కోకోస్ వాళ్ళు గుర్తొచ్చారు. వాళ్ళు కలిసిపోయారు, అయినా ఎవరూ వాళ్ళని ఓడిపోయారనలేదు. ఓటేశారు కాబట్టి.

శుక్రవారం సాయంత్రం డాబా మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. ఓటర్లు ఇద్దరు, హరనాథబాబూ సుబ్బరత్నమ్మా. పండరిని పెద్దమనిషిగా పిలిచారు. చందన నియమాలు చెప్పింది.

"టోకెలావులో స్వయంపాలన కావాలా అని రెండుసార్లు ఓటు పెట్టిండ్రు. రెండుసార్లూ సగానికంటే ఎక్కువే వచ్చినయి. కానీ మూడింట రెండొంతులు రావాలని రూలు. అది రాలేదు. అందుకని ఎట్లున్నోళ్ళు అట్లనే ఉండిపోయిండ్రు."

"ఇక్కడా అదే రూలు!" కిందనుంచి రాజ్యం గొంతు వినపడింది.

"కింది దేశంలో కలిసిపోదామనేటోల్లు చెయ్యెత్తుండ్రి," అన్నాడు పండరి.

హరనాథబాబు రెండు చేతులూ ఎత్తాడు. పండరి ఒకటి దింపించాడు. సుబ్బరత్నమ్మ చేతులు ఒడిలోనే ఉన్నాయి.

"వదినగారూ, చెయ్యి," అన్నాడు హరనాథబాబు మెల్లిగా.

"ఏమనుకోకండి మరిదిగారూ. మా ఇంట్లో కోడలు కూలరు తనవైపే తిప్పుకుంటుంది. ఇక్కడ గాలి బాగా వస్తోంది. దీవి ఉండనివ్వండి."

"సగమే వచ్చిందన్నా. తప్పినవ్," అని పండరి తీర్పు చెప్పి, సుబ్బరత్నమ్మ ఇచ్చిన టీ తాగి వెళ్ళిపోయాడు.

సొంత దేశంలో అన్నం లేదు, పక్క దేశంలో కలవడానికి ఓట్లు లేవు. శనివారం మధ్యాహ్నం వదినగారు భోంచేసి కూలరు ముందు గుర్రుపెట్టింది. హరనాథబాబు చెప్పులు చేత్తో పట్టుకుని, ఓటూ లేదు గీటూ లేదు, మెట్లు దిగి వంటింట్లోకి నడిచాడు.

రాజ్యం తినేది అందరూ తిన్నాకే, వంటింట్లో, ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని. పెళ్ళైన దగ్గర్నుంచీ అంతే. ఆ వేళకి ఆయన టీవీ ముందు కునుకు తీస్తుంటాడు. అందుకని ఆవిడ తింటుండగా ఆయన ఎదురుగా నిలబడింది ఎప్పుడో ఆయనకే గుర్తులేదు. ఇప్పుడు నిలబడ్డాడు. ఆవిడ కంచంలో కొర్రన్నం, నిన్నటి వంకాయ పులుసు ఉన్నాయి.

హరనాథబాబు మొహం వెలిగిపోయింది. "బియ్యం నిండుకున్నాయి! చెప్పానా! నా బంద్ పనిచేసింది!"

రాజ్యం ముద్ద మింగి అడిగింది. "మీ బంద్ ఎప్పుడు పెట్టారు?"

"మంగళవారం."

"నేను అన్నం మానేసింది దసరాకి."

"నీకెందుకు? నీకు షుగరు లేదుగా?"

"లేదు."

"మరి?"

"ఇంట్లో అన్నం ఉడుకుతుంటే ఆ వాసనకి మీరు ఆగగలరా? అందుకని వండటం మానేశా. వండనిది ఎక్కణ్ణుంచి తింటాను?" రాజ్యం పులుసు కలుపుకుంది. "చందన కూడా సెలవులే కదమ్మా అని ఇదే తింటోంది. దానికి హాస్టల్లో అన్నమేగా."

హరనాథబాబు చెప్పులు చేతిలో అలాగే ఉన్నాయి. ఆ ఇంట్లో అన్నానికి మొహం వాచింది తనొక్కడేనని ఆయన పండరికి చెప్పాడు, మందుల షాపులో చెప్పాడు, రైసుమిల్లు గుమాస్తాకి కూడా ఆపి చెప్పాడు. వరి రైతు కొర్రలు తినే అన్యాయం గురించి అంత చెప్పినవాడు, వరి రైతు పెళ్ళాం ఏం తింటోందో ఒక్కసారి తొంగి చూడలేదు. ఆయనకి సిగ్గేసింది. బాగానే వేసింది.

"చెప్పొచ్చుగా రాజ్యం?"

"చెప్తే ఏం చేసేవాళ్ళు? నాకోసం వండాల్సిందేనని గొడవ చేసి, అందులోంచి మీరో నాలుగు ముద్దలు లాగేవాళ్ళు."

అది అక్షరాలా నిజం. ఆయన చెప్పులు కింద పెట్టి, "రేపట్నుంచి నువ్వు అన్నం వండుకో," అన్నాడు.

"మీ ముందా?"

"నా ముందే. నేను కొర్రలే తింటా."

"ఆగగలరా?"

"ఏమో. చూద్దాం."

రాజ్యం ఆయన్ని ఎగాదిగా చూసింది. "అయితే టీవీ ముందు కాదు. ఇక్కడ, నా ఎదురుగా కూర్చుని తినాలి. నేను తినేదాకా లేవకూడదు. ఒప్పుకుంటే విలీనం. లేకపోతే అక్కయ్య పైనే ఉంది."

హరనాథబాబు ఒప్పుకున్నాడు. ఓటు పెట్టమని కూడా అడగలేదు.

ఆదివారం మధ్యాహ్నం వంటింట్లో ఇంకో స్టూలు వేశారు. ఆయన కంచంలో కొర్రలు. ఆవిడ కంచంలో సన్నబియ్యం అన్నం, మల్లెమొగ్గల్లా విడివిడిగా, పొగలు కక్కుతూ. రాజ్యం నెయ్యి వేసుకుంది, కొత్తావకాయ కలిపింది, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కాసేపు కళ్ళు మూసుకుంది. హరనాథబాబు ఆ ముద్ద వెనకే గొంతు దాకా వెళ్ళి వచ్చాడు. చెయ్యి మాత్రం తన కంచం దాటనివ్వలేదు.

"బాగున్నాయండీ," అంది రాజ్యం కళ్ళు తెరిచి. "ఈసారి పంట బాగా పండించారు."

ఆ పంట బియ్యం ఆవిడ నోట్లో పెట్టుకోవడం అదే మొదలు.

"పైన ఇంకా చాలా బస్తాలున్నాయి. తిను," అన్నాడు హరనాథబాబు, కొర్రముద్ద దిగడానికి ఓ గుక్క నీళ్ళు తాగుతూ.